పదకొండు బొడిపెలు

మా మందుగోలీల కంపెనీల గోర్లు ఉండొద్దు. ప్రతి సోమవారం పొద్దుగాల ఆరింటికి, గోలీల హాల్లకు పోకముందు, క్వాలిటీ మహిత మేడం మా చేతులు తిప్పి తిప్పి సూస్తది. తెల్లగ ఇంత కనబడ్డా ఎనుకకు పంపి కత్తిరించుకొని రమ్మంటది. గాజులు వద్దు, ఉంగరాలు వద్దు, ముక్కుపుల్ల ఉంటే దాని మీద పట్టీ అతికియ్యాలె. ఆషాఢం వస్తే ఊర్ల ఆడోళ్లంత అరచేతులకు గోరింటాకు పెట్టుకుంటరు, మేం కాళ్లకు పెట్టుకుంటం. మూడేండ్ల సంది ఇవన్నీ నాకు అలవాటే. గోర్లు లేకుంటే పండ్ల మీది తొడుగు ఊడిరాదని తెల్సినప్పుడే నాకు తక్లీఫ్ అయింది.

ముందుగాల పండ్ల సంగతి చెప్పాలె. నా పై పండ్లు ముంగటికి ఉండేటివి. జెరంత గాదు, బాగనే. బడిల ఇంకో రవళి ఉండె గనుక నన్ను ఎత్తుపండ్ల రవళి అనేటోళ్లు. గుర్తు కోసమే అంటున్నం, నారాజ్ గావొద్దు అని మల్ల సర్ది చెప్పేటోళ్లు. అవి మా అమ్మ మొగులమ్మ పండ్లే, నాకు దిగినయి. ఆమెకు నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటది, నేను చెయ్యి పెట్టుకుంట. గడ్డపోతారం కాడ ఈ కొలువు దొరికినప్పుడు నాకు అన్నిటికన్న ఎక్కువ నచ్చింది మాస్కు. ఎనిమిది గంటలు నా మూతి ఎవ్వలకు కనబడదు.

పటేల్‌గూడల పండ్ల డాక్టరు అంకిత డాక్టరమ్మ కాడికి పోయింది ఆషాఢంల, బోనాలు ముంగటున్నయనంగ. పండ్లు బరాబర్ అయితే చిగుర్లకు మంచిదని ఇంట్ల చెప్పిన గని, పోయింది అందం కోసమే. అబద్ధమెందుకు? ఒక్క ఫోటువలన్న నోరు తెరిచి నవ్వాలె అన్నదే నా మనసుల ఉండె.

"తీగలు పెడదామా?" అని అడిగింది డాక్టరమ్మ.

"తీగలు నడువయి మేడం. ముక్క ఊడి గోలీలల్ల పడతదని మా కాడ పండ్లకు తీగలు ఉన్నోళ్లను గోలీల హాల్లకు రానియ్యరు. బయట అట్టపెట్టెల కాడ నిలబెడతరు."

"అయితే ట్రేలు పెడదాం. అద్దంలా ఉంటాయి, కనబడవు. తినేటప్పుడు తీసెయ్యాలి, మిగతా టైమంతా నోట్లోనే ఉండాలి. వారానికొకటి మార్చుకోవాలి."

కనబడయి, ఇనుము గాదు, ఎప్పుడంటె అప్పుడు తీసి పెట్టొచ్చు. నా కోసమే చేసినట్టున్నయని సంబురపడ్డ. ఆ సంబురం రెండోసారి పోయినదాకనే. ఆ దినం నన్ను కుర్చీల పండుకోబెట్టి, పెదవులు రెండు దిక్కుల గుంజిపట్టి, నీలం లైటు కొట్టుకుంట ఒక్కో పంటి మీద ఏందో అతికిచ్చుడు షురూ చేసింది. అయిపోయినంక అద్దం చేతికిచ్చింది. ముంగటి పండ్ల మీద, పక్క పండ్ల మీద, పంటి రంగులనే చిన్న చిన్న బొడిపెలు. పెదవి తాకితే గరుకుగ తలుగుతున్నయి.

"ఇవేంది మేడం?"

"అటాచ్‌మెంట్లు. ట్రేకి పట్టు దొరకాలంటే ఇవి ఉండాలి. ట్రీట్‌మెంట్ అయిపోయాక గీకి తీసేస్తాను."

"ఎన్ని?"

"పదకొండు."

పండ్ల మీద ఏం అంటొద్దని నేను ట్రేలు అడిగితె, ఆమె పదకొండు అంటబెట్టి పంపింది.

పరేషాన్ ఎందుకంటె, మా కంపెనీల గోలీల హాల్ల ఆగకుండ మూడేండ్లు చేసినోళ్లకే పర్మినెంట్ ఇస్తరు. నాకు వినాయక చవితి పోయినంక మూడేండ్లు నిండుతయి. నడుమల అట్టపెట్టెల కాడికి పంపిన్రంటే ఆ చేసిందంత బేకారే. పర్మినెంట్ అయితే అమ్మను కూలీ మాన్పియ్యాలె అన్నది నా ఒక్కటే పంతం. ఆమెకు షుగరు ఉన్నది, మోకాళ్లు అరిగినయి. దినమంత పత్తి చేన్ల వంగి కలుపు తీసి, మాపటికి మా గుమ్మడిదల ఇంటి గడపల కూసుంటే మల్ల లేవడానికి నా చెయ్యి పట్టుకుంటది. పట్టుకున్నట్టు నాకు తెల్వొద్దని ఏదో ముచ్చట తీస్తది.

రోజూ హాల్లకు పోయేముందు మేం ఒక కాయితం నింపాలె. ఉంగరం ఉన్నదా, గాయం ఉన్నదా, జరం ఉన్నదా, పండ్లకు తీగ ఉన్నదా. తీగ లేదని గీత పెట్టిన. బొడిపెల గురించి కాయితం అడుగలే, నేను చెప్పలే. నాకు నేనే వకీలునై నా మనసుకు గట్ల నచ్చజెప్పుకున్న.

మొదటి పది దినాలు చుక్కలు కనబడ్డయి. పెదవి లోపల మూడు జాగలల్ల పుండ్లు పడ్డయి. కారం తాకితే కండ్లల్లకెళ్ళి నీళ్లు కారేటియి. అమ్మ వేలికి నెయ్యి రాసుకొని, పెదవి తిప్పి, పుండు మీద పెట్టేది. అట్ల పెట్టుకుంటనే బొడిపెలను లెక్కవెట్టేది.

"పండ్లకు గలీబు తొడిగి, అది ఊడకుండ గుండీలు గూడ కుట్టిందా డాక్టరమ్మ?" అన్నది ఒకనాడు.

తలకింది మెత్తకు తొడిగే గలీబు పేరే ఆ ట్రేకు పెట్టింది అమ్మ. ఇగ మా ఇంట్ల అదే పేరు ఖాయమైంది. పొద్దుగాల బస్సుకు ఉరుకుతుంటే, గలీబు ఏసుకున్నవా బిడ్డా అని ఎన్కకెళ్ళి కేకేసేది. ఆకిట్ల ఊడుస్తున్నోళ్లు ఇనుకుంట ఏం గలీబో ఏమో అన్నట్టు సూసేటోళ్లు.

ట్రే పెట్టుకొని మాట్లాడితే నాలిక తిరుగక పోయేది. మా లైన్ ఇన్‌చార్జ్ యాదగిరి సారు యాభై దాటిన మనిషి. నవ్వడు, తిట్టడు, అవసరం ఉంటేనే మాట్లాడతడు. ఆయన ముంగట నిలబడి రెండో మిషిన్ రెడీ సార్ అనబోతె ప్రతి మాట తుస్సుమన్నది. పక్క మిషిన్ మీది అరుణ మాస్కులనే కిసకిస నవ్వింది. సారు మాత్రం నా దిక్కు ఒక్క నిమిషం సూసి, సరే అని పోయిండు.

అన్నిటికన్న పెద్ద కష్టం క్యాంటీన్ల. టిఫినుకు ఇచ్చేది ఇరువై నిమిషాలు. మొదటి దినం ఉప్మా ముంగట పెట్టుకొని ట్రే తీయబోతె రాలే. పదకొండు బొడిపెలు దాన్ని గట్టిగ పట్టుకున్నయి. గోరు దూర్చి లేపాలె అన్నది డాక్టరమ్మ. నా ఏళ్లకు గోరేది? ఆమె ఒక చిన్న ప్లాస్టిక్ కొక్కెం గూడ ఇచ్చింది గని, గేటు కాడ సెక్యూరిటోళ్లు అది లోపలికి రానియ్యలే. పది నిమిషాలు కొట్లాడి కూసున్న. ఉప్మా సల్లారింది. అప్పుడు అరుణ నన్ను చేతులు కడిగే జాగకు గుంజుకపోయింది.

"నోరు తెరు," అన్నది ఏలికి దస్తీ సుట్టుకుంట. "ఇంకింత. మా బర్రె నీకన్న మంచిగ తెరుస్తదే."

ఎన్కపండు కాడ దస్తీ ఏలు పెట్టి కిందికి గుంజింది. టక్కున ఊడొచ్చింది. ఆ దినం సంది రోజూ ఇదే పని. తొమ్మిదిన్నరకు ఇద్దరం ఆ మూలకు పోవుడు, నేను నోరు తెరుసుడు, ఆమె ఏలు పెట్టుడు. సొంత అక్కచెల్లెండ్లే ఒకరి నోట్లె ఒకరు ఏలు పెట్టరు. అరుణకు, నాకు అంతకుముందు నమస్తే, బాగున్నవా అన్నంత పరిచయమే ఉండె.

మెల్లమెల్లగ నోరు అలవాటు పడ్డది. పుండ్లు మానినయి, నాలిక తిరిగింది. శ్రావణంల మక్కకంకులు దిగినయి. నాకు కంకి అంటె పానం. కొరికితె బొడిపె లేస్తదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అమ్మ పొయ్యిల కాల్చి, గింజలు ఒలిచి, పళ్లెంల పోసి ఇచ్చేది. తాను గూడ కొరుక్కోకుండ నాతోని గింజలే తినేది. నువ్వెందుకమ్మా ఒలుసుకునుడు అంటె, ఒక్కదానివి తింటుంటే బాగుండదు గద అన్నది. ఆ మాటకు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పుండు మండిందనుకొని అమ్మ లేసి నెయ్యి గిన్నె తెచ్చింది.

వారానికొక ట్రే మారుస్తుంటే, పాతదాన్ని పారేయొద్దు, ఒకటన్న దాసిపెట్టుకోమన్నది డాక్టరమ్మ. అమ్మ పారేసుడు అనే ముచ్చటే లేని మనిషి. అన్నీ ఉప్పునీళ్లతోని కడిగి బిస్కెట్ డబ్బల పెట్టేది.

ఐదో ట్రే పెట్టుకున్న మర్నాడు జరిగింది ఇదంత. సోమవారం. రాత్రంత వాన పడి, బస్సు దిగినకాడ నీళ్లు నిలిచినయి. ఆ దినం మా మిషిన్ మీద షుగరు గోలీలు నడుస్తున్నయి. పైకెళ్ళి గోలీలు దిగి, పట్టీల గుంతలల్ల పడి, మీద రేకు మూత అంటుకొని, బెల్టు మీద వస్తయి. ఖాళీ ఉన్నయి, పగిలినయి ఏరి పక్కకు పెట్టుడు నా పని. కొత్త ట్రే బిర్రుగున్నది. ఒక దిక్కు మంచిగ కూసోక పెదవిని గుచ్చుతున్నది. ఓపిక పట్టిన, పట్టిన. ఏడు దాటినంక ఆగలేక మాస్కు కిందికి గుంజి, గ్లౌజు ఏలితోని ట్రేను పైకి ఒత్తి, మల్ల మాస్కు పెట్టుకున్న. రెండు సెకండ్ల పని. కొత్తగ వచ్చిన పిల్లలు మాస్కు దించితే కండ్లెర్ర జేసేదాన్ని, ఆ దినం నేనే దించిన.

తొమ్మిదిన్నరకు అరుణ ట్రే తీసి, నా నోట్లెకు సూసుకుంటనే ఆగింది.

"రవళీ, ఈడ నున్నగున్నదేందే?"

ఏలు పెట్టి సూసుకున్న. కుడి దిక్కు కోరపండు మీద బొడిపె లేదు. నల్లా మీది అద్దంల లెక్కవెట్టిన. పదే ఉన్నయి. మల్ల లెక్కవెట్టిన. 

అరుణ అటూ ఇటూ సూసింది. "ఇంటికాడనే ఊడిందేమో. మింగినవేమో. బియ్యపు నూకంత లేదు, ఎవ్వలకు తెలుస్తది? నువ్వు నోరు మూసుకొని ఉండు. పర్మినెంట్ లిస్టు ఇంకో నెలల పడతది."

ఆమె నా మంచి కోరే అన్నది. నేను గూడ అదే అనుకోవాలని సూసిన. కని రోజూ పొద్దుగాల అమ్మ చాయ్ తాగకముందు పట్టీలకెళ్ళి షుగరు గోలీ ఒత్తి, సూడకుంటనే నోట్లె ఏసుకుంటది. నమ్మకం మనిషి. గోలీ ఇచ్చినోళ్లు మంచిగనే ఇచ్చి ఉంటరని.

నేను ఉప్మా ముట్టలే. ట్రే కడుక్కొని పెట్టుకున్న. యాదగిరి సారు కాడికి పోయిన.

"సార్, నా పండ్లకు డాక్టరు బొడిపెలు అతికిచ్చింది. సిమెంటు అసొంటియి. ఒకటి ఊడింది. హాల్ల పడ్డదేమో అని భయమైతుంది."

సారు గడియారం దిక్కు సూసిండు. "ఉన్నదని ఎప్పుడు సూస్కున్నవు?"

"శనివారం సార్."

"లేదని ఎప్పుడు తెల్సింది?"

"ఇప్పుడే."

"లోపల మాస్కు దించినవా?"

"దించిన సార్. ఏడు గంటలప్పుడు. రెండు సెకండ్లు."

సారు హాల్లకు పోయి ఎర్ర బటన్ ఒత్తిండు. బెల్టు ఆగింది.

మహిత మేడం వచ్చి, పొద్దటి సంది తీసిన మాలంతటి మీద ఆపినట్టు పసుపు చీటీలు అంటబెట్టింది. నన్ను పక్కకు పిలిచింది.

"ఫారంల ఎందుకు రాయలే?"

"తీగ ఉన్నదా అనే అడిగిన్రు మేడం."

"గట్ల తప్పించుకోకు రవళీ. రాయొద్దనుకున్నవు, రాయలే."

నిజమే.  తల ఒంచుకొని నిలబడ్డ.

పద్దెనిమిది మందిమి లైట్ల కింద కూసొని ఆరింటి సంది తీసిన పట్టీలన్ని ఒక్కొక్కటి తిప్పి సూసుడు షురూ జేసినం. మిషిన్ మూలమూల బ్రష్షు పెట్టి ఊడ్చి, ఆ పొడి జల్లెడ పట్టిన్రు. ఒకామె, మాకేం కర్మనో అని గొణిగింది. మిగతోళ్లు ఒక్క మాట అనలే. అరుణ నా పక్కకే కూసొని, నా ముంగటి కుప్పలకెళ్ళి సగం తన దిక్కు జరుపుకున్నది. ఆ పద్దెనిమిది మంది మొఖాలు ఇప్పటికి ఒకటి తర్వాత ఒకటి చెప్పగలుగుత.

గంట గడిచినంక యాదగిరి సారు వచ్చిండు. "నిన్నటి ట్రే ఏమైంది?"

"ఇంట్ల ఉన్నది సార్. మా అమ్మ దాస్తది."

"అమ్మకు ఫోన్ చెయ్యి. నడువు."

గేటు దాక తానే వచ్చి, మా ఫోన్లు దాసే పెట్టెలకెళ్ళి నా ఫోను ఇప్పిచ్చిండు. అమ్మ పత్తి చేన్ల ఉన్నది. గాలి సప్పుడు, ఆడోళ్ల ముచ్చట్లు ఇనబడుతున్నయి.

"అమ్మా, నిన్న ఇడిసిన గలీబు ఉన్నది సూడు, దాంట్ల ఏమన్న..."

"నూక ఉన్నది గదనే," అన్నది అమ్మ. "నిన్న కడుగుతుంటే కనబడ్డది. బియ్యపు నూకనుకొని దులుపబోతె రాలే. డాక్టరమ్మ ఏదన్న పెట్టిందేమో, మనకెందుకని గట్లనే డబ్బల పెట్టిన. ఏమైంది బిడ్డా?"

అప్పుడు యాదికొచ్చింది. ఆదివారం మాపటికి, డాక్టరమ్మ ఇచ్చిన కొక్కెం దొరకక, పాత ట్రేను చెంచ తోకతోని లేపిన. టక్కుమన్నది. ట్రే పలిగిందేమో అనుకున్న గని బొడిపె దాంట్లనే ఉండిపోయిందని తెల్వలే. పొద్దుగాల పండ్లు తోముకునేటప్పుడు అద్దం సూస్కోలే, బస్సు తొందరల. హాల్లకు వచ్చేసరికే నా నోట్లె పదే ఉన్నయి.

ఫోన్ సారు చేతికిచ్చిన. "అమ్మా, ఆ డబ్బ పట్టుకొని జెర కంపెనీ గేటు కాడికి రా. మీ బిడ్డకు ఏం గాలే," అన్నడు సారు.

గంటల వచ్చింది అమ్మ. మోకాళ్ల దాక బురద. డబ్బతోని పనేందని ట్రేను కొంగుకు ముడేసుకొని ఆటోల వచ్చింది. సెక్యూరిటోళ్లు లోపలికి రానియ్యకపోతే మహిత మేడం, యాదగిరి సారే బయటికి పోయిన్రు. అమ్మ ముడి ఇప్పి, ట్రే తీసి, అరచెయ్యిల పెట్టి సూపిచ్చింది. మహిత మేడం దాన్ని కవర్ల ఏసుకొని, డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె పంపిన ఫోటువతోని కలిపి సూసింది. ఆ బొడిపె ఆ పంటిదే.

"నా బిడ్డ ఏం తప్పు చేసింది సారూ?" అని అడిగింది అమ్మ. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది గని నవ్వుకు గాదు.

"తప్పు చేసింది. వచ్చి చెప్పింది గూడ," అన్నడు సారు. సెక్యూరిటీ రూంలకెళ్ళి కుర్చీ తానే మోసుకొచ్చి ఏసిండు. "నువ్వు కూసో అమ్మా. చాయ్ తాగి పో."

అమ్మ కూసోలే. బురద కాళ్లతోని కుర్చీల కూసుంటే బాగుండదని నిలబడే చాయ్ తాగింది. ఆ కుర్చీ ఏసినందుకు ఆ మనిషికి నేను దినాం దండం పెట్టుకుంట.

పట్టీలన్ని సూసుడు అయిపోయేసరికి మాపటాలైంది. ఏం దొరకలే. మర్నాడు బ్యాచ్ ఇడిసిపెట్టిన్రు. నన్ను మాత్రం అట్టపెట్టెల కాడికి పంపిన్రు. డాక్టరమ్మ కొత్త బొడిపె అతికిచ్చి, చెంచలు ఇగ దగ్గరికి రానియ్యొద్దని గట్టిగ చెప్పింది. నేను పెట్టెలకు చీటీలు అంటబెట్టుకుంట దినాలు లెక్కవెట్టిన. అమ్మ లిస్టు సంగతి ఒక్కసారి గూడ అడుగలే. పొద్దుగాలనే లేసి కలుపుకు పోయేది. మాపటికి వచ్చి, గడపల కూసొని, మల్ల నా చెయ్యి పట్టుకొని లేసేది. నా వల్లనే గిట్లయిందని నాకు లోపల కోసుకపోయేది.

వినాయకుల నిమజ్జనం అయిన మూడో దినం నన్ను ప్లాంట్ మేనేజర్ రూంలకు పిలిచిన్రు. యాదగిరి సారు, మహిత మేడం ఆడనే నిలబడి ఉన్నరు. టేబుల్ మీద నా కాయితాలున్నయి, నేను గీత పెట్టినయి, వారాల కొద్ది.

"బ్యాచ్‌కు ఏం గాలే, మంచిదే," అన్నడు మేనేజర్ సారు. "కని నెల దినాలు దాసిపెట్టింది. రోజుకో కాయితం మీద లేదని గీత పెట్టింది. దాసిపెట్టినామెను పర్మినెంట్ ఎట్ల చెయ్యాలె యాదగిరీ? నువ్వే చెప్పు."

యాదగిరి సారు జేబులకెళ్ళి దస్తీ తీసిండు. మొఖం పక్కకు తిప్పి, దస్తీ నోటికి పెట్టుకొని, ఏందో తీసి, తుడిచి, టేబుల్ మీద నా కాయితాల పక్కన పెట్టిండు. గులాబీ రంగు చిన్న పలక, దానికి రెండు పండ్లు.

మేనేజర్ సారు కుర్చీ ఎనుకకు జరుపుకున్నడు.

"ఇవి గూడ కాయితంల లేవు సార్," అన్నడు యాదగిరి సారు. ముంగటి పండ్లు లేక మాట గాలిపోతున్నది. "బండి మీదికెళ్ళి పడ్డప్పుడు నా రెండు పండ్లు పోయినయి. తొమ్మిదేండ్ల సంది ఇవి పెట్టుకొనే హాల్లకు పోతున్న. తీగ ఉన్నదా అని కాయితం అడిగింది. లేదని నేను గూడ గీత పెట్టిన. ఆమె ఊడిందని తెల్సిన పది నిమిషాలకు వచ్చి చెప్పింది. నేను తొమ్మిదేండ్లల చెప్పలే. ఆమె పేరు తీసేస్తె నా పేరు గూడ తీసెయ్యాలె."

 నేను ఆ రెండు పండ్ల దిక్కు సూడలేక నేల దిక్కు సూసిన. రిటైర్మెంటుకు నాలుగేండ్లున్న మనిషి. నాకు ఆయన సుట్టం గాదు, మా ఊరు గాదు.

"ముందుగాల అవి టేబుల్ మీదికెళ్ళి తియ్యి యాదగిరీ," అన్నడు మేనేజర్ సారు. కొంచెం సేపు కాయితాలు తిరగేసి మహిత మేడం దిక్కు తిరిగిండు. "ఫారం మార్పియ్యి. పండ్లకు అతికిచ్చినయి, పెట్టుకున్నయి, అన్నీ రాయాలె. ఎవ్వలన్న రాస్తే పని తీసేసుడు లేదని గూడ దాని మీదనే రాయి. యాదగిరీ, నీది మొదటి కాయితం." మల్ల నా దిక్కు సూసిండు. "ట్రీట్‌మెంట్ అయ్యేదాక బయట అట్టపెట్టెల కాడనే ఉండు. లిస్టుల పేరు ఉంటది. పో."

బయటికి వచ్చినం.  మీ మేలు మర్వ సార్ అన్న. రేపటి సంది అమ్మ చేనుకు పోదు అన్నదొక్కటే తలకాయల తిరుగుతున్నది. అప్పుడే షిఫ్టు మారింది. వరండ ఆ చివరికెళ్ళి మా లైనోళ్లంత మా దిక్కే వస్తున్నరు. సారు పండ్లు ఇంక దస్తీలనే ఉన్నయి, ఆ దస్తీ నోటికి అడ్డం పెట్టుకొని గోడ దిక్కు తిరిగిండు. తొమ్మిదేండ్లల ఆయనను గట్ల ఎవ్వలు సూడలే.

"జెర అడ్డం నిలబడు బిడ్డా," అన్నడు మెల్లగ.

నేను ఆయనకు ఈపు పెట్టి, వచ్చేటోళ్ల దిక్కు తిరిగి నిలబడ్డ. అసలే పొట్టి మనిషిని, ఆయన నాకన్న జానెడు ఎత్తు. నేను అడ్డం నిలబడితే ఎంత కనబడకుంటది?

"ఏమైందే రవళీ?" అని దూరంకెళ్ళే అడిగింది అరుణ. పది మంది కండ్లు మా దిక్కే ఉన్నయి.

"పర్మినెంట్ అయింది," అన్న. మాస్కు జేబుల ఉన్నది. నోరంత తెరిచి నవ్విన. పదకొండు బొడిపెలు కనబడేటట్టు, అందరి కండ్లు నా నోటి మీదనే ఉండేటట్టు, ఎన్క సారు పండ్లు పెట్టుకొని, అయింది బిడ్డా అనేదాక నవ్వుకుంట అట్లనే నిలబడ్డ.